ఎనిమిది రాత్రులు, ఆరుగురం: హోటలా, ఫర్నిష్డ్ ఇల్లా?

కిటికీసీటు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వచ్చే నెల ఆరుగురం ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మావారు, అత్తయ్య, మావయ్య, నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. మొదటి ఊళ్లో రెండు రాత్రులు, రెండో ఊళ్లో ఆరు. మొదటి ఊరు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. మావయ్యకి మోకాలి ఆపరేషన్ అయి ఏడాదవుతోంది. మెట్లు ఎక్కగలరు కానీ ఎక్కించకపోతేనే మంచిది.

మావారు హోటల్ అంటే హోటలే అని కూర్చున్నారు. "సెలవుకి వెళ్లి కూడా గిన్నెలు తోముకోవడం ఏంటి" అని ఆయన బాధ. (ఇంట్లో తోమేది ఎవరో దయచేసి అడగకండి.) నాకేమో రెండు గదుల్లో చెరోవైపు ఉండి, బాబు ఏడ్చినప్పుడల్లా పక్క గదివాళ్లు లేస్తారేమోనని టెన్షన్ పడేకంటే ఇల్లు తీసుకుంటే హాయి అనిపిస్తోంది. రెండు రోజులుగా ఇళ్ల ఫోటోలు చూసి చూసి కళ్లు లాగేస్తున్నాయి. అన్ని సోఫాలూ ఒకేలా ఉన్నాయి.

రెండూ వాడినవాళ్లు చెప్పండి. డబ్బు లెక్క నేను చూసుకుంటాను. వెళ్లాక ఏమవుతుందో అది కావాలి.

లెక్కలపిచ్చి | సోమవారం, రాత్రి 10:05

లెక్క వద్దన్నారు కానీ నా పేరు చూశారుగా, ఒక్కటి చెప్పి పోతాను.

ఇళ్లకి క్లీనింగ్ ఫీజు అని ఉంటుంది. అది రాత్రికి కాదు, బుకింగ్‌కి. రెండు రాత్రులున్నా పదున్నా అంతే. ఒక రాత్రి అద్దెలో అది 60 శాతం అనుకోండి. రెండు రాత్రులుంటే రాత్రికి 30 శాతం అదనంగా పడుతుంది, ఆరు రాత్రులుంటే 10 శాతమే. హోటల్లో ఈ గొడవ లేదు, కానీ ఆరుగురికి తక్కువలో తక్కువ రెండు గదులు, అదీ ప్రతి రాత్రీ. మీ మొదటి ఊరు ఒక లెక్క, రెండో ఊరు ఇంకో లెక్క. రెంటికీ ఒకే జవాబు ఎందుకు వెతుకుతున్నారు?

ఇంకోటి. వెతికేటప్పుడు కనిపించే రేటు చూసి పోల్చకండి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి అక్కడి మొత్తం చూడండి. హోటళ్లేం తక్కువ తినలేదు, రిసార్ట్ ఫీజు అనీ ఇంకోటనీ చివర్లో కలుపుతాయి. అమెరికాలో అయితే తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తమే ముందుగా చూపాలని 2025 మే 12 నుంచి నిబంధన వచ్చింది. హోటళ్లకీ, ఇలాంటి అద్దె ఇళ్లకీ రెండింటికీ. అన్ని చోట్లా అంత భాగ్యం లేదు.

నిద్రబోతు | సోమవారం, రాత్రి 10:11

హోటల్. లేచాక దుప్పటి మడతపెట్టక్కర్లేదు. ఇంతకంటే కారణం కావాలా?

కిటికీసీటు | సోమవారం, రాత్రి 10:14

@నిద్రబోతు మావారూ, మీరేనా ఇది?

నైట్‌డ్యూటీ | సోమవారం, రాత్రి 11:50

పదకొండేళ్లు హోటల్ రిసెప్షన్‌లో రాత్రి డ్యూటీ చేశాను. ఇప్పుడు మానేశాను, కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడాల్సిన పని లేదు.

హోటల్‌కి మీరు కట్టే డబ్బులో కొంత, రాత్రి రెండింటికి మెలకువగా ఉండే మనిషి జీతం అనుకోండి. అర్ధరాత్రి బాత్రూమ్‌లో నీళ్లు ఆగకపోతే ఆ గది వదిలేసి ఇంకో గదిలోకి మారతారు. ఇంట్లో ఇంకో గది లేదు, ఇంకో మనిషీ లేడు. మీరే ఫోన్ పట్టుకుని యజమాని ఎత్తేదాకా కూర్చోవాలి. పదకొండు దాటాక చేరేవాళ్లకి, అదీ నెలల పిల్లాడితో, మొదటి ఊళ్లో హోటలే నా మాట.

ఇక మావాళ్ల తప్పులు కూడా చెప్తాను. హోటళ్లు ఉన్న గదుల కంటే ఎక్కువ బుకింగ్‌లు తీసుకుంటాయి. కొందరు రారని వాళ్ల లెక్క. అందరూ వచ్చేస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లని దగ్గర్లో ఇంకో హోటల్‌కి పంపుతారు. ఆ పంపడం నేనూ చేశాను, ఒక్కసారి కాదు. మీరు అలా దొరికిపోకుండా ఉండాలంటే ఆ రోజు సాయంత్రం లోపు ఫోన్ చేసి "ఫలానా టైముకి వస్తాం, గదులు అట్టే పెట్టండి" అని చెప్పండి. చెప్పినవాళ్ల పేరు రాసుకోండి. పేరు అడిగినవాళ్ల గది మేం ముట్టుకునేవాళ్లం కాదు, నిజం చెప్తున్నా.

రెండు గదులు పక్కపక్కన కావాలంటే ఒకటుంది. "పక్క గదులు" వేరు, "మధ్యలో తలుపున్న గదులు" వేరు. రెండోది కావాలని విడిగా అడగాలి. బుకింగ్‌లో రాసేసి వదిలేస్తే అది కోరికగానే మిగిలిపోతుంది, ఎవరూ మాట ఇచ్చినట్టు కాదు.

ఒంటరిపక్షి | మంగళవారం, ఉదయం 6:30

నేను ఎక్కువగా ఒక్కదాన్నే తిరుగుతాను, పని మీద. నాకు జరిగింది చెప్తాను.

అపార్ట్‌మెంట్ బుక్ చేసుకున్నాను. తలుపుకి నంబర్ల తాళం, కోడ్ మెసేజ్‌లో పంపారు. రాత్రి ఒంటిగంటకి చేరి కోడ్ నొక్కితే ఎర్ర లైటు. మళ్లీ నొక్కా, మళ్లీ ఎర్ర లైటు. మూడోసారికి తాళం కొంతసేపు పనిచేయడం మానేసింది. యజమాని ఫోన్ స్విచ్ఛాఫ్. బుక్ చేసిన సైటు హెల్ప్‌లైన్‌లో నలభై నిమిషాలు పాట వినిపించారు. చివరికి మెట్ల మీద సూట్‌కేసు పెట్టుకుని కూర్చుంటే, పైఅంతస్తు ఆవిడ కుక్కని తిప్పడానికి దిగింది. తాళం కింద గట్టిగా నొక్కి పట్టుకుని కోడ్ కొట్టాలట. ఆవిడకెలా తెలుసంటే, అంతకుముందు వచ్చినవాళ్లూ అక్కడే కూర్చున్నారట!

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. చీకటి పడ్డాక చేరేదుంటే ఇల్లు తీసుకోను. పగలైతే తీసుకుంటాను. నాలుగు రోజులు దాటితే ఇల్లే నయం, బట్టలు ఉతుక్కోవచ్చు, కూర్చోవడానికి మంచం కాకుండా కుర్చీ ఉంటుంది.

మడతకుర్చీ | మంగళవారం, ఉదయం 7:15

కుక్కకి నా నమస్కారాలు.

తాళంచెవి | మంగళవారం, ఉదయం 9:20

అందరూ యజమానుల్ని ఉతికేస్తున్నారు కాబట్టి అటువైపు నుంచి ఒకణ్ణి మాట్లాడనివ్వండి. నాకు అద్దెకిచ్చే ఫర్నిష్డ్ ఇల్లు ఒకటుంది. ఆరేళ్లుగా ఇస్తున్నాను.

ఫోటోలు చూడ్డం ఆపండి. ఫోటోలు మేం మంచి వెలుతురున్న రోజు, గది మూలన నిలబడి, వెడల్పుగా పట్టే లెన్సుతో తీస్తాం. చిన్న గది కూడా హాలులా కనిపిస్తుంది. చూడాల్సింది ఫోటోలో లేనిది. బాత్రూమ్ ఫోటో లేదంటే కారణం ఉంటుంది. మెట్ల ఫోటో లేదంటే మెట్లున్నాయనే అనుకోండి. మీ మావయ్యగారి సంగతి చెప్పారు కాబట్టి, బుక్ చేసేముందు సైటులోని మెసేజ్‌లోనే మూడు ప్రశ్నలు పంపండి. వీధి గుమ్మం నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు? లిఫ్ట్ ఉంటే అది ఇంటి అంతస్తులోనే ఆగుతుందా, సగం అంతస్తు కిందా? స్నానానికి గడప దాటి దిగాలా, టబ్ ఎక్కాలా? "లిఫ్ట్ ఉంది" అని రాసి, లిఫ్ట్ దాకా పన్నెండు మెట్లుండే భవనాలు నేను చూశాను.

ఫోన్లో అడగొద్దు, మెసేజ్‌లోనే. రేపు తేడా వస్తే అదొక్కటే సాక్ష్యం. జవాబు ఎంత త్వరగా వచ్చిందో కూడా చూడండి. డబ్బు కట్టకముందే రెండు రోజులకి పలికేవాడు, కట్టాక గీజర్ పాడైతే ఎప్పుడు పలుకుతాడు?

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 10:02

రివ్యూలు చూస్తే సరిపోదా? నేను 4.8 కింద ఉన్నది ముట్టుకోను.

మడతకుర్చీ | మంగళవారం, ఉదయం 10:40

@సందేహాలరావు అన్నయ్యా, అక్కడ అందరిదీ 4.8 చుట్టుపక్కలే. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో లెక్క తీస్తే, ఇలా ఇళ్లు అద్దెకిప్పించే సైటు ఎయిర్‌బీఎన్‌బీలో ఇంచుమించు 95 శాతం ఇళ్లకి నాలుగున్నర లేదా ఐదు నక్షత్రాలున్నాయి. హోటళ్లకి సగటు అంతకంటే బాగా తక్కువ. ఇళ్లన్నీ అంత గొప్పవని కాదు. పరాయివాళ్ల ఇంట్లో ఉండి, వాళ్లతో పలకరింపుగా మెసేజ్‌లు నడిపాక, మూడు నక్షత్రాలివ్వడానికి మనకే చేయి రాదు. పైగా వాళ్లు కూడా మన గురించి రాస్తారు కదా. ముందు వాళ్లది చూసి కక్షతో రాసే గొడవ ఎక్కువైందని 2014లో పద్ధతి మార్చారు. ఇద్దరూ రాసేదాకా, లేదంటే 14 రోజులయ్యేదాకా ఎవరిదీ కనిపించదు. అయినా మొహమాటం పోలేదు.

హోటల్ 4.2, ఇల్లు 4.8 అని పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థం లేనిది. ఇంటి రివ్యూల్లో "అయితే", "కానీ", "ఒక్కటే చిన్న" అనే మాటలు వెతకండి. అసలు సంగతి వాటి తర్వాత ఉంటుంది. "కింద బార్ ఉంది కానీ మేం ఎలాగూ ఆలస్యంగానే పడుకుంటాం" అని ఒకరు రాశారంటే, మీ బాబు పడుకోడని అర్థం.

కిటికీసీటు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

@మడతకుర్చీ నేను దాచుకున్న మూడు ఇళ్లలో ఇప్పుడే "కానీ" వెతికాను. ఒకటి ఎగిరిపోయింది. పక్కనే కట్టడం పని, ఉదయం ఏడింటి నుంచి డ్రిల్లింగ్. పైన మాత్రం ఐదు నక్షత్రాలు.

@తాళంచెవి గారూ, మూడు ప్రశ్నలూ మిగతా ఇద్దరికీ పంపాను. ఒకరు గంటలో జవాబిచ్చారు, తొమ్మిది మెట్లట. ఇంకొకరు "చాలామంది పెద్దవాళ్లు వచ్చి ఆనందించారు" అన్నారు. మెట్ల సంఖ్య చెప్పలేదు.

నైట్‌డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 1:44

ఆ రెండో ఆయన్ని వదిలేయండి.

దారితప్పినవాడు | మంగళవారం, సాయంత్రం 5:10

ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. ఆ ఇల్లు అలా అద్దెకివ్వడం అక్కడ చట్టప్రకారం కుదురుతుందా?

న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు అద్దెకిస్తే యజమాని నగరంలో నమోదు చేసుకోవాలి, అదే ఇంట్లో తనూ ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అంటే మీ ఆరుగురికీ మొత్తం ఫ్లాట్ అన్న ప్రశ్నే లేదు. బార్సిలోనా 2024లో ప్రకటించింది, పదివేల పైచిలుకు టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సుల్ని పొడిగించబోమని, 2028 నవంబర్‌కల్లా అవి ఉండవని. అద్దెలు పెరిగి స్థానికులకే ఇళ్లు దొరకడం లేదన్నది అక్కడి గోడు. జపాన్‌లో 2018 జూన్‌లో కొత్త చట్టం వచ్చింది, ఏడాదికి 180 రోజులకి మించి ఇవ్వకూడదు, నమోదు నంబర్ ఉండాలి. అది అమల్లోకి వచ్చే వారాల్లో నంబర్ లేని ఇళ్ల బుకింగ్‌లు రద్దయ్యాయి. విమానం టికెట్లు చేతిలో ఉన్నవాళ్లకి కూడా.

మనకి జరిమానా పడటం అరుదు, పడేది యజమానికే. కానీ బుకింగ్ ఎగిరిపోతే వీధిలో నిలబడేది మనం. నమోదు అడిగే ఊరైతే ఆ నంబర్ ప్రకటనలో ఉందా లేదా చూడండి. "ఎవరైనా అడిగితే మా బంధువులని చెప్పండి" అని మెసేజ్ వచ్చిందా, అక్కడితో ఆపేయండి. నాకు ఒకసారి వచ్చింది. చెప్పొద్దూ, బంధువులు కూడా అంత వసూలు చేయరు.

సందేహాలరావు | మంగళవారం, సాయంత్రం 6:25

కెమెరాల సంగతో? మా తమ్ముడు హాల్లో ఒకటి చూశాడట. ఈ ఒక్క భయంతోనే నేను ఇళ్ల జోలికి వెళ్లను.

తాళంచెవి | మంగళవారం, సాయంత్రం 7:00

ఎయిర్‌బీఎన్‌బీలో 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరా ఎక్కడా ఉండకూడదు, ఆపేసి ఉంచినా సరే. అంతకుముందు హాలు లాంటి చోట్ల, ముందే చెప్పి పెట్టుకోనిచ్చేవారు. గుమ్మం బయట పెట్టుకోవచ్చు, కానీ ప్రకటనలో రాయాలి. నాది గుమ్మం పైన ఉంది, రాశాను. నిబంధన ఉంది కదా అని అందరూ పాటిస్తారని నేను హామీ ఇవ్వలేను. వెళ్లగానే మంచానికి ఎదురుగా ఉన్న గడియారం, పొగ అలారం, చార్జర్ లాంటివి ఒకసారి చూసుకోవడం తప్పేం కాదు. మా అతిథులు చూసుకుంటే నేను ఏమీ అనుకోను.

మూడోఅంతస్తు | మంగళవారం, రాత్రి 8:15

కెమెరా కంటే నాకు గ్యాస్ భయం. వాటర్ హీటర్, స్టవ్, హీటింగ్ గ్యాస్‌తో నడిచే ఇళ్లలో గాలి సరిగా ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు వస్తే ప్రయాణం అలసట అనుకుని పడుకుంటాం. 2022లో మెక్సికో సిటీలో అద్దె ఫ్లాట్‌లో ముగ్గురు ప్రయాణికులు ఇలాగే చనిపోయారు. అందుకే నాది హోటల్ ఓటు.

నైట్‌డ్యూటీ | మంగళవారం, రాత్రి 8:50

@మూడోఅంతస్తు అదే ఏడాది బహామాస్‌లో ఒక రిసార్ట్‌లో కూడా ముగ్గురు అదే గ్యాస్‌తో పోయారండీ. హోటల్ అయినంత మాత్రాన అలారం ఉంటుందని అనుకోవద్దు. బ్యాటరీతో నడిచే చిన్న డిటెక్టర్ దొరుకుతుంది, సబ్బుపెట్టె అంత ఉంటుంది. ఇంటికి వెళ్లినా హోటల్‌కి వెళ్లినా సూట్‌కేసులో పెట్టుకుంటే పెరిగే బరువేమీ లేదు. నేనిప్పుడు అదే చేస్తున్నాను.

హోటల్ తలుపు మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. 2024 మార్చిలో ఒకరకం హోటల్ కార్డు తాళాల్లో లోపం బయటపెట్టారు. 131 దేశాల్లో 30 లక్షల పైచిలుకు తలుపులకి ఉన్న తాళం అది. కార్డు తాళం పడింది కదా అని వదిలేయకుండా లోపలి గొలుసు కూడా వేసుకోండి. అది ఎలక్ట్రానిక్ కాదు, పాతకాలపుదే. పాతకాలపుదే కాబట్టి పనికొస్తుంది.

నిద్రబోతు | మంగళవారం, రాత్రి 9:05

హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఈ చర్చ చదివాక అదీ పోయింది.

అమ్మమ్మగారిమనవరాలు | మంగళవారం, రాత్రి 9:30

కిటికీసీటు అక్కా, పసిపిల్లాడితో మూడుసార్లు తిరిగాను. ఇంట్లో ఉన్న అసలు సుఖం వంటగది కాదు, మూసుకోవడానికి ఇంకో తలుపు. హోటల్ గదిలో బాబు ఎనిమిదింటికి పడుకుంటే మీ ఇద్దరూ ఎనిమిదింటికే చీకట్లో గుసగుసలాడుతూ కూర్చోవాలి. నేను బాత్రూమ్ నేల మీద కూర్చుని ఫోన్ చూసుకున్న రాత్రులున్నాయి. ఇంట్లో వాణ్ణి ఒక గదిలో పడుకోబెట్టి హాల్లో మనుషుల్లా మాట్లాడుకోవచ్చు.

కానీ ఇల్లు మీ ఇల్లు కాదు. మెట్లకి గేటుండదు, గాజు టేబుల్ అంచులు వాడి కంటి ఎత్తులో ఉంటాయి, సింక్ కింద ఫినాయిల్. వెళ్లిన మొదటి అరగంట నేల మీద పాకుతూ చూడండి. నిజంగానే పాకండి, వాడి ఎత్తులోంచి చూస్తేనే కనిపిస్తాయి. ఉయ్యాల మంచం రెండు చోట్లా ముందే అడగాలి.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. "ఇల్లు తీసుకుంటే హాయి" అన్నారు కదా. ఎవరికి? వంటగది కనపడగానే అత్తయ్యగారూ మీరూ అందులో దూరి, మిగతావాళ్లు సోఫాలో కూర్చుంటే అది మీకు సెలవు కాదు. ఎవరు ఏం చేస్తారో బయల్దేరకముందే మాట్లాడుకోండి.

కిటికీసీటు | మంగళవారం, రాత్రి 10:20

@అమ్మమ్మగారిమనవరాలు కోపం లేదు చెల్లీ. ఈ పోస్టు మావారికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. గిన్నెలు ఆయనవి, బట్టలు నావి అని ఒప్పందం కుదిరింది. మావయ్య సాక్షి.

నిర్ణయం ఇది. మొదటి ఊళ్లో హోటల్, మధ్యలో తలుపున్న రెండు గదులు అడుగుతాను. రెండో ఊళ్లో తొమ్మిది మెట్ల ఇల్లు, మధ్యాహ్నమే చేరేలా. రద్దు చేసుకునే గడువు రెండింటికీ రాసుకున్నాను. హోటల్‌కి ముందురోజు దాకా, ఇంటికి ఐదు రోజుల ముందు దాకా.

తాళంచెవి | బుధవారం, ఉదయం 7:50

మంచిది. చివరిగా ఒకటి, మా యజమానులకి నచ్చని సలహా. ఇంట్లో అడుగుపెట్టగానే, సామాన్లు విప్పకముందే, అన్ని గదులూ వీడియో తీయండి. విరిగినవి, మరకలు, పని చేయనివి అన్నీ. డిపాజిట్ గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేది అదే. తేడా ఉంటే అదే రోజు సైటు ద్వారా చెప్పండి. ఎయిర్‌బీఎన్‌బీలో సమస్య కనిపెట్టిన 72 గంటల లోపు చెప్పాలని నియమం, యజమానికి డబ్బు మాత్రం మీరు దిగాల్సిన సమయం దాటిన 24 గంటలకి అటూఇటూగా వదులుతారు. డబ్బు మా చేతికి రాకముందు మేం చూపించే శ్రద్ధ వేరు. ఈ మాట నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 8:30

ఫలానా ఇల్లు బాగుంటుందంటూ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. సొంత ఇళ్ల ప్రకటనలకి ఇది చోటు కాదు.

కిటికీసీటు | ఏడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

వచ్చేశాం. చాలామంది మెసేజ్‌లో అడిగారు కాబట్టి రాస్తున్నాను.

హోటల్: సాయంత్రం ఫోన్ చేసి, పేరు అడిగి రాసుకున్నాను. రాత్రి పదకొండున్నరకి వెళ్తే మధ్యలో తలుపున్న గదులు లేవన్నారు, ఒకటి రెండో అంతస్తులో, ఇంకోటి ఐదులో అన్నారు. రాసుకున్న పేరు చెప్పాను. రిసెప్షన్ అబ్బాయి లోపలికి వెళ్లి పది నిమిషాలకి వచ్చి, మధ్యలో తలుపున్న గదుల తాళాలే ఇచ్చాడు. @నైట్‌డ్యూటీ గారూ, మీకు రుణపడి ఉంటాం.

ఇల్లు: తొమ్మిది మెట్లు అన్నారు, పదకొండు ఉన్నాయి. మావయ్య రోజూ లెక్కపెట్టి మరీ ఎక్కారు. ఫోటోలో పెద్దగా కనిపించిన హాలు, ఆరుగురం కూర్చుంటే మోకాళ్లు తగిలేంత ఉంది. నాలుగో రోజు వేడినీళ్లు ఆగిపోయాయి. మెసేజ్ పెడితే మూడు గంటల్లో మనిషి వచ్చి బాగుచేశాడు, ఈలోగా అత్తయ్య స్టవ్ మీద గిన్నెతో నీళ్లు కాచి పిల్లలిద్దరికీ స్నానం చేయించేశారు. హోటల్లో అయితే ఆ స్టవ్ ఉండేది కాదు, బహుశా ఆ మూడు గంటలూ ఉండేవి కావు.

బాబు వేరే గదిలో తలుపు మూసుకుని పడుకున్నాడు. మేం నలుగురం రోజూ రాత్రి పదింటి దాకా హాల్లో కూర్చున్నాం, మావయ్య తన ఉద్యోగం రోజుల కథలు చెప్పారు. పెళ్లైన ఆరేళ్లలో అవి నేను వినలేదు.

గిన్నెలు: మొదటి మూడు రోజులు ఆయన తోమారు. నాలుగో రోజు డిష్‌వాషర్ కనిపెట్టారు, పక్క తలుపు వెనక ఉంది. ప్రకటనలో రాసే ఉందట. ఎవరూ చదవలేదు.

నిద్రబోతు | ఆదివారం, రాత్రి 9:22

పాపం ఆయన.

సందేహాలరావు | ఆదివారం, రాత్రి 9:41

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, మెట్లు తొమ్మిదని రాసి పదకొండున్నందుకు రివ్యూలో ఎన్ని నక్షత్రాలిచ్చారు?

కిటికీసీటు | ఆదివారం, రాత్రి 9:44

ఐదు. వేడినీళ్ల మనిషిని మూడు గంటల్లో పంపాడండీ, చేయి రాలేదు. కానీ "మెట్లు పదకొండు" అని రాశాను.

మడతకుర్చీ | ఆదివారం, రాత్రి 9:46

"కానీ" తర్వాత రాశారుగా, చాలు. వెతికేవాళ్లకి దొరుకుతుంది.